పట్టాభిషేకం అయ్యాక కూడా రోజూ గుర్రమెక్కిన రాజు

తెల్లవారుజామున ఐదింటికి బేస్తవారిపేట నుంచి కంభం వెళ్ళే రోడ్డు మీద ఎప్పుడైనా నిలబడి చూశారా? ఇంకా చీకటి వీడదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నలుగురైదుగురు కుర్రాళ్ళు పరుగెత్తుతుంటారు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్ల పరుగు గట్టెక్కాలి కదా, దానికోసం. మీలో కొందరు ఆ గుంపులోనే ఉండొచ్చు. ఇంకొందరు అదే టైమ్‌కి గ్రూప్స్ పుస్తకాలో, కోడింగ్ ప్రాక్టీసో ముందేసుకుని కూర్చుంటారు. ఎవర్ని కదిపినా ఒకటే మాట వినిపిస్తుంది: ఈ కష్టమంతా ఉద్యోగం వచ్చేదాకానే, ఆ తర్వాత హాయిగా ఎనిమిదింటిదాకా పడుకోవచ్చని. ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో నేనూ అలాగే అనుకున్నాను.

ఐదు వందల ఏళ్ళ కిందట ఇదే వేళకు ఒక మనిషి లేచేవాడు. అతనికి పరీక్షల్లేవు, సెలక్షన్ లిస్టు లేదు. దక్షిణ భారతంలో అంతకు మించిన ఉద్యోగం ఇంకోటి లేదు, అది అప్పటికే అతని చేతిలో ఉంది. అయినా చీకట్లోనే గుర్రమెక్కి మైదానంలో ఆ చివర నుంచి ఈ చివరకు దౌడు తీయించేవాడు. ఆయన శ్రీకృష్ణదేవరాయలు.

సినిమాల్లో చూసిన రాయలు వేరు. సింహాసనం, భువనవిజయం, పక్కన తెనాలి రామకృష్ణుడు. ఈ వారం ఆ రాయల్ని కాసేపు పక్కన పెట్టి, గుర్రం మీది రాయల్ని చూద్దాం.

సూర్యుడు రాకముందే

రాయలు 1471లో పుట్టాడని ఎక్కువమంది చెబుతారు. తండ్రి తుళువ నరసనాయకుడు సేనాపతి, తల్లి నాగలాంబ. సైన్యాన్ని నడిపే ఇంట్లో పుట్టినవాడు కాబట్టి గుర్రపు స్వారీ చిన్నప్పుడే వచ్చి ఉంటుంది. అన్న వీరనరసింహరాయల తర్వాత 1509లో విజయనగర సింహాసనం ఎక్కాడు.

ఆ తర్వాత పదేళ్ళకు పైగా గడిచాక, 1520 ప్రాంతంలో, డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరం వచ్చాడు. రాయల్ని దగ్గర నుంచి చూసి, చూసింది చూసినట్టు రాసుకున్నాడు. రాజు మధ్యస్థంగా పొడవు, కాస్త బొద్దు, ముఖం మీద మశూచి మచ్చలు ఉన్నాయని రాశాడు. లెక్క వేస్తే అప్పటికి రాయలకు యాభై దగ్గర పడుతున్నట్టు. ఆ కాలంలో యాభై అంటే పెద్ద వయసే.

పేస్ రాసిన రాయల దినచర్య చూడండి. తెల్లవారకముందే లేచి అర లీటరుకు కాస్త తక్కువ నువ్వుల నూనె తాగేవాడు. ఒంటికి కూడా నూనె పట్టించి, చిన్న గోచీ కట్టుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తేవాడు. తర్వాత కత్తి సాము. తాగిన నూనె అంతా చెమటగా కారిపోయేదాకా ఇది సాగేది. ఆపైన తన మల్లుల్లో ఒకడితో కుస్తీ. ఇంత అయ్యాక గుర్రమెక్కి తెల్లవారేదాకా మైదానంలో అటూ ఇటూ పరుగు తీయించేవాడు. అప్పుడు స్నానం, పూజ. ఆ తర్వాతే కొలువు, రాజ్యం పనులు.

నూనె తాగే సంగతి మాత్రం మీరు ప్రయత్నించకండి. వరసను గమనించండి చాలు. మంత్రులు, అర్జీలు, ఉత్తరాలు మొదలయ్యేలోపే ఆయన తన సొంత సాధన పూర్తి చేసుకునేవాడు. రాజును ఆపేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు, మార్కులు వేసేవాళ్ళు అసలే లేరు. ఒక్కరోజు మానేస్తే ఎవరికీ తెలియదు.

గుర్రం ఊరికే రాదు

రాయలకు గుర్రాలంటే ఇష్టం సరే, దాని వెనక ఒక పెద్ద లెక్క కూడా ఉంది. దక్కన్ నేల మీద యుద్ధానికి పనికొచ్చే మేలు జాతి గుర్రాలు సరిగా పెరిగేవి కావు. అరేబియా, పర్షియా గుర్రాలు హొర్ముజ్ నుంచి ఓడల మీద పడమటి తీరానికి రావాలి. 1510లో పోర్చుగీసువాళ్ళు గోవాను పట్టుకున్నాక ఆ వ్యాపారం చాలావరకు వాళ్ళ చేతికి పోయింది. ఎవరికి గుర్రాలు అందితే వాళ్ళది పైచేయి. ఇప్పుడు చిప్‌ల కోసం దేశాలు పోటీ పడుతున్నాయే, అచ్చం అలాంటి పరిస్థితి.

ఫెర్నావో నూనిజ్ అనే ఇంకో పోర్చుగీసు మనిషి, స్వయంగా గుర్రాల వ్యాపారి, రాయలు పోయిన కొన్నేళ్ళకు విజయనగరంలో ఉండి ఆ రాజుల చరిత్ర రాశాడు. హొర్ముజ్ గుర్రాలు, నాటు గుర్రాలు కలిపి రాయలు ఏటా 13,000 కొనేవాడని, మేలైనవి తన శాలకు ఉంచుకుని మిగతావి సేనానులకు ఇచ్చేవాడని ఆయన లెక్క. అంతకుముందు పాలించిన సాళువ నరసింహరాయలైతే సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి కూడా, తోక తెచ్చి చూపిస్తే చాలు, వ్యాపారికి డబ్బు ఇచ్చేవాడట. వ్యాపారి నష్టపోతే మళ్ళీ రాడు, పక్క రాజ్యానికి పోతాడు. అదీ భయం.

రాయలు ఈ సంగతి తన కావ్యంలో కూడా పెట్టాడు. ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పే భాగంలో, ఏనుగులు, మంచి గుర్రాలు తెచ్చే దూరదేశపు వర్తకుల్ని ఆదరించాలని, వాళ్ళకు ఊళ్ళు, ఇళ్ళు ఇచ్చి, మంచి ధర పెట్టి కొనాలని, ఆ సరుకు శత్రువు చేతిలో పడకుండా చూసుకోవాలని రాజుకు సలహా ఉంది. రోజూ గుర్రం మీద కూర్చునే మనిషి రాసిన సలహా అది. గుర్రం విలువ ఆయనకు ఖజానా లెక్కల్లోనే కాదు, తొడల నొప్పిలో కూడా తెలుసు.

రాయచూరులో ఆ ఒక్క పొద్దు

1520లో రాయచూరు యుద్ధం వచ్చింది. దానికి మూలం కూడా గుర్రాలే అంటాడు నూనిజ్. రాయలు ఒక వర్తకుడికి 40,000 పర్దావులు, అంటే అప్పటి బంగారు నాణేలు, ఇచ్చి గోవాలో గుర్రాలు కొనుక్కు రమ్మని పంపాడు. అతను ఆ డబ్బుతో బీజాపూరు సుల్తాను ఆదిల్‌షా దగ్గరకు చేరిపోయాడు. మనిషిని, డబ్బును అప్పగించమంటే సుల్తాను అప్పగించలేదు. రాయచూరు కోట మీద పాత తగాదా ఎలాగూ ఉంది. రాయలు దండెత్తాడు.

మే నెలలో అసలు పోరు జరిగింది. సుల్తాను ఫిరంగులన్నీ ఒక్కసారిగా పేలేసరికి రాయల ముందు వరస చెదిరింది. సైనికులు వెనక్కి తిరిగారు. ఇక ఓడిపోయినట్టే అనిపించిన ఆ సమయంలో రాయలు తన ఉంగరం తీసి ఒక సేవకుడికి ఇచ్చాడట, తాను చనిపోతే రాణులకు గుర్తుగా చూపించడానికి. తర్వాత గుర్రమెక్కి, మిగిలిన దళాలన్నింటినీ తీసుకుని ఎదురువెళ్ళాడు. వెనక్కి వచ్చేవాణ్ణి వదలొద్దని ఆజ్ఞ ఇచ్చాడు. యుద్ధం తిరగబడింది. సుల్తాను కృష్ణానది దాటి తప్పించుకున్నాడు. కొద్ది రోజులకే రాయచూరు కోట రాయల వశమైంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ రోజు ఆయన చేసింది ప్రాణాలకు తెగించిన పని, సందేహం లేదు. కానీ జీనెక్కడం, కళ్ళెం పట్టడం, దౌడు తీయించడం మాత్రం కొత్త కాదు. ఆ పని నిన్న పొద్దున చేశాడు, మొన్న పొద్దున చేశాడు. యాభై ఏళ్ళ ఒంటికి అలవాటైన పని కాబట్టి మనసు యుద్ధం మీద పెట్టగలిగాడు. ఇంటర్వ్యూ గదిలో మనకు కావాల్సిందీ అదే. బేసిక్స్ గుర్తుతెచ్చుకోవడానికే బుర్ర మొత్తం ఖర్చయిపోతే, ఎదుటివాళ్ళు ఏం అడుగుతున్నారో వినడానికి ఏం మిగులుతుంది?

పల్లకీలో వచ్చిన అల్లుడు

కథ ఇంకో నలభై అయిదేళ్ళు ముందుకు జరుపుదాం. 1565 జనవరి, తళ్ళికోట యుద్ధం. పేరుకు రాజు సదాశివరాయలైనా, రాజ్యం నడిపేది రాయల అల్లుడు అళియ రామరాయలు. వయసు ఎనభై దగ్గర. ఆ రోజు ఆయన మోసుకెళ్ళే ఆసనంలో కూర్చుని యుద్ధానికి వచ్చాడు. గుర్రమెక్కితే క్షేమమని సేనానులు బతిమాలినా ఒప్పుకోలేదని, ఈ పోరుకు అంత జాగ్రత్త అక్కర్లేదన్నాడని ఫిరిస్తా అనే చరిత్రకారుడు రాశాడు. చివరికి శత్రువుల ఏనుగు ఒకటి మీదికి రావడంతో బోయీలు భయపడి ఆసనాన్ని కింద పడేశారు. ఆయన తేరుకుని గుర్రమెక్కేలోపే పట్టుబడ్డాడు, ప్రాణం పోయింది. విజయనగరం మళ్ళీ కోలుకోలేదు.

ఎనభై ఏళ్ళ మనిషి పల్లకీ ఎక్కడం తప్పని నేను అనను. ఆ ఓటమికి ఫిరంగులు, పొత్తులు, ద్రోహాలు అని చాలా కారణాలు చెబుతారు. అయినా నాకు ఆ దృశ్యం గుర్తుండిపోయింది. గుర్రం పక్కనే ఉంది. ఎక్కడానికి టైమ్ లేదు.

ఉద్యోగంలో చేరాక ఇలాంటివాళ్ళను నేను చూశాను. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు నుంచి కోడ్ రాయడం తగ్గుతుంది, ప్రమోషన్ వచ్చాక పూర్తిగా ఆగిపోతుంది. మీటింగులు, మెయిళ్ళు అనే పల్లకీలో రోజులు సాఫీగానే వెళ్తాయి. టీమ్‌ను తగ్గిస్తున్నామని కంపెనీ చెప్పిన వారం మళ్ళీ ఇంటర్వ్యూకు కూర్చుంటే, మూడో ఏడాది పిల్లలు చేసే లెక్క దగ్గర చెయ్యి వణుకుతుంది. నా చేయి కూడా ఒకసారి వణికింది. అందుకే ఇది రాస్తున్నాను.

గుర్రం నేర్పనిది

రాయల్ని దేవుణ్ణి చేసి ముగిస్తే అది నిజం కాదు. పేస్ ఆయన్ని ఎంతో మెచ్చుకుంటూనే, ఉన్నట్టుండి కోపం వచ్చే మనిషని కూడా రాశాడు. ఆ కోపం ఒక పెద్దాయనను బలి తీసుకుంది.

నూనిజ్ చెప్పిన కథ ఇది. వీరనరసింహరాయలు చనిపోతూ, తన ఎనిమిదేళ్ళ కొడుకు రాజు కావాలని, అందుకు తమ్ముడు కృష్ణరాయల కళ్ళు తీయించమని మంత్రి తిమ్మరుసుకు చెప్పాడట. తిమ్మరుసు మేక కళ్ళు తెచ్చి చూపించి రాయల్ని కాపాడాడు. ఏళ్ళు గడిచాయి. రాయలు తన చిన్న కొడుక్కి పట్టం కట్టాడు. కొన్ని నెలలకే ఆ పిల్లవాడు చనిపోయాడు. విషం పెట్టించింది తిమ్మరుసు కుటుంబమేనని రాయలు నమ్మాడు. తన కళ్ళు కాపాడిన మనిషిని చెరలో వేసి, ఆయన కళ్ళు తీయించాడు.

రోజూ తెల్లవారకముందే ఒంటిని అదుపులో పెట్టుకున్నవాడు దుఃఖంలో మనసును అదుపులో పెట్టుకోలేకపోయాడు. క్రమశిక్షణ ఉన్నవాళ్ళు అన్నింట్లోనూ సరైనవాళ్ళే అవుతారనుకోవద్దు. మీ విషయంలో కూడా. రోజుకు పది గంటలు చదివే కుర్రాడు రిజల్ట్ రోజున ఇంట్లో అమ్మ మీద అరవొచ్చు. అదీ సాధన చేయాల్సిన సంగతే, దానికి వేరే మైదానం ఉంది.

బెళగావి మీదికి దండు సిద్ధం చేస్తున్న రోజుల్లోనే రాయలు జబ్బుపడ్డాడు. 1529లో కన్నుమూశాడు.

చెరువు కట్ట మీద

రాయలు మనకు అంత దూరం మనిషేం కాదు. 1513 నుంచి గజపతుల మీద సాగిన దండయాత్రలో ఉదయగిరి, అద్దంకి, వినుకొండ, కొండవీడు ఆయన గెలిచిన కోటలే. ఆ యుద్ధాల తర్వాత గజపతుల ఆడపడుచును పెళ్ళి చేసుకున్నాడు. వరదరాజమ్మగా మనవైపు చెప్పుకునే ఆ రాణే గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య కట్ట వేయించి కంభం చెరువు కట్టించిందని పెద్దలు చెబుతారు. 2020లో ఈ చెరువుకు ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది.

బేస్తవారిపేట నుంచి కంభం పక్క మండలమే. ఈ ఆదివారం పొద్దున్నే పరుగు ముగించుకుని ఒకసారి ఆ కట్ట మీదికి వెళ్ళండి. ఏటా ఎవరో ఒకరు చూసుకుంటూ, తెగినచోట మట్టి పోస్తూ వచ్చారు కాబట్టే అది ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది. కట్టిన రోజుతో పని అయిపోయిందని వదిలేసి ఉంటే ఈపాటికి గుండ్లకమ్మ దాన్ని ఎప్పుడో కోసుకుపోయేది.

అక్కడ కూర్చుని ఒక్క విషయం ఆలోచించండి. ఉద్యోగం తప్పకుండా వస్తుంది. వచ్చిన మర్నాడు పొద్దున, అలారం పెట్టాల్సిన అవసరం లేని ఆ రోజున, ఇప్పుడు చేస్తున్నవాటిలో ఏ ఒక్క పని మీరు మానకుండా చేస్తారు? పరుగా, ఇంగ్లిష్ చదవడమా, రోజుకో ప్రాబ్లమ్ సాల్వ్ చేయడమా? అన్నీ అక్కర్లేదు, ఒక్కటి చాలు. దాని పేరు ఇవాళే ఒక కాగితం మీద రాసి, హాల్ టికెట్ దాచుకునే ఫైల్లోనే పెట్టుకోండి.