మీట నొక్కిన ఎలుక, దాన్ని గమనించిన మనిషి

జేమ్స్ ఓల్డ్స్ 1922లో అమెరికాలోని చికాగోలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి, తిరిగొచ్చి చదువు కొనసాగించారు. 1952లో హార్వర్డ్‌లో డాక్టరేట్ పొందారు. తర్వాత కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హెబ్ దగ్గర చేరారు. అక్కడ పీటర్ మిల్నర్ ఆయనకు ఎలుక మెదడులో సన్నని తీగ అమర్చడం నేర్పారు.

మెలకువకు సంబంధించిన భాగంలో తీగ పెట్టాలని వాళ్ళ ఉద్దేశం. ఒక ఎలుకలో అది గురి తప్పి వేరేచోట దిగింది. బల్ల మీద ఆ ఎలుక ఒక మూలకు వెళ్ళినప్పుడల్లా కొద్దిగా కరెంటు ఇచ్చారు. భయపడి పారిపోవాలి కదా! అది మాత్రం మళ్ళీ మళ్ళీ అదే మూలకు వచ్చింది. చెడిపోయిన ప్రయోగం అని పక్కన పెట్టేయడం తేలికే. ఓల్డ్స్ అలా వదల్లేదు. ఎలుకే మీట నొక్కి కరెంటు తీసుకునే పెట్టె సిద్ధం చేశారు. 1954లో ఇద్దరూ కలిసి ఫలితాలు ప్రచురించారు. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని ఎలుకలు గంటకు వేలసార్లు మీట నొక్కాయి.

ఆ చోటుకి ఆనంద కేంద్రం అనే పేరొచ్చింది. ఓల్డ్స్ ఆ తర్వాత మిషిగన్‌లో, కాల్‌టెక్‌లో పనిచేశారు. భార్య మరియాన్ కూడా పరిశోధనలో తోడున్నారు. 1976 ఆగస్టులో కాలిఫోర్నియా సముద్రంలో ఈతకు వెళ్ళి చనిపోయారు. అప్పటికి 54 ఏళ్ళే.

కథ అక్కడితో ఆగలేదు. అదే మిషిగన్‌లో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త తర్వాత ఇంకో సంగతి కనిపెట్టారు. డోపమైన్ దాదాపు లేకుండా చేసిన ఎలుకలు కూడా నోట్లో తీపి పడితే ఇష్టంగానే చప్పరించాయి, కానీ దానికోసం కదలలేదు. అంటే ఇష్టపడటం వేరు, కావాలనిపించడం వేరు అన్నమాట. వ్యసనంలో ఇష్టం తగ్గిపోయినా కావాలనే తపన పెరుగుతూనే ఉంటుంది.

మా తాతయ్యకి నశ్యం అలవాటు. నాన్నవాళ్ళు తమిళంలో మూక్కుపొడి అంటారు. ఒకసారి ఆ డబ్బా దాచేసి, ఇందులో అంత సంతోషం ఏముందని అడిగాను. తాతయ్య ఏమీ అనలేదు, ఊరికే చెయ్యి చాచారు. ఓల్డ్స్ గురించి చదివాక తెలిసింది, నేనడిగిన ప్రశ్నే తప్పని. సంతోషం ఎప్పుడో పోయి ఉంటుంది. చెయ్యి చాచడం మాత్రమే మిగిలింది. ఇప్పుడు ఆయన్ని కోప్పడటం మానేశాను. మానడానికి ఎలా సాయం చేయాలా అని ఆలోచిస్తున్నాను.