యల్లాప్రగడవారి రెండు మందులు

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితాన్ని మలుపు త్రిప్పినది ఒక వ్యాధి. పేగులను చెరచి, నోరంతా పూయించి, మనిషిని శుష్కింపజేసే స్ప్రూ అనే గ్రహణి ఆయన అన్నగారిని బలిగొన్నది, ఆయననూ పీడించింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదంతో బ్రతికి బయటపడి, అమెరికా చేరారు.

1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు మందు దొరికింది! కణాలు పెరగడానికి ఆ విటమిను కావాలి; క్యాన్సరు కణాలకూ కావాలి. దానిని పోలిన నకిలీతో వాటిని మోసగించవచ్చునన్న ఊహ నుండి పుట్టినదే మెథోట్రెక్సేటు. 1948 ఆగస్టులో, 53 ఏండ్లకే, సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందు రొమ్ము క్యాన్సరుపైనా పనిచేస్తుందని 1951లో జేన్ రైట్ అనే వైద్యురాలు చూపడం ఆయన చూడలేదు.

అయితే నోటి లోపొర, పేగుల పొర కూడా వేగంగా పెరిగే కణాలే. నకిలీ వాటినీ వదలదు. స్ప్రూ రోగిని బాధించిన నోటిపూతే ఈ మందు పుచ్చుకొనే స్త్రీనీ బాధించింది. నేడు రొమ్ము క్యాన్సరుకు మెథోట్రెక్సేటు వాడకం తగ్గినా, ఇతర కీమో మందులతోనూ నోటిపూత వస్తూనే ఉన్నది. ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో పుక్కిలించడం, కారం, పులుపు మాని మెత్తని అన్నం తినడం కొంత ఉపశమనం. మెథోట్రెక్సేటు పుచ్చుకొనేవారు మాత్రం బలానికని ఫోలిక్ ఆమ్లపు బిళ్ళలను వైద్యుని అడగకుండా మింగరాదు. సుబ్బారావుగారి మొదటి మందు రెండవదానికి విరుగుడు కావచ్చును.