రూత్ హారిసన్

రూత్ హారిసన్ (జూన్ 24, 1920 - జూన్ 13, 2000) బ్రిటనుకు చెందిన రచయిత్రి, జంతు సంక్షేమ ఉద్యమకారిణి. గుడ్ల కొరకు, మాంసము కొరకు ఫారాలలో పెంచబడే పశుపక్ష్యాదుల స్థితిగతులను సామాన్య ప్రజల దృష్టికి తెచ్చినవారిలో ఈమె అగ్రగణ్యురాలు. 1964లో వెలువడిన ఈమె పుస్తకము "ఏనిమల్ మెషీన్స్" (జంతు యంత్రాలు) ఐరోపాలోని పశుపోషణ చట్టాలకు నాంది పలికింది.

బాల్యము, విద్య

ఈమె లండను నగరంలో జన్మించింది. తండ్రి స్టీఫెన్ విన్‌స్టెన్ రచయిత, తల్లి క్లేర్ చిత్రకారిణి, శిల్పి. ఇరువురూ యూదు కుటుంబాలకు చెందినవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరుటకు నిరాకరించినందుకు స్టీఫెన్ కారాగారవాసం అనుభవించాడు. ప్రసిద్ధ నాటకకర్త జార్జి బెర్నార్డ్ షా ఈ కుటుంబానికి మిత్రుడు. శాకాహారము, అహింస ఇంటివారి నుండే రూత్‌కు అలవడినవి.

లండనులోని బెడ్‌ఫోర్డు కళాశాలలో చదువుతుండగా రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ కాలంలో క్వేకర్ల అంబులెన్సు దళంలో చేరి సేవ చేసింది. తరువాత రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో నాటక కళను అభ్యసించింది. 1954లో డెక్స్ హారిసన్ అనే వాస్తుశిల్పిని వివాహమాడింది. వీరికి ఇద్దరు సంతానం.

జంతు యంత్రాలు

1960 దశకం మొదట్లో దూడల పెంపకం గురించిన ఒక కరపత్రం ఈమె ఇంటికి వచ్చింది. మాంసము తినని తనకు దీనితో సంబంధం లేదని మొదట అనుకొన్నది. అయితే తినకపోవడం వలన ఆ జంతువుల బాధ తగ్గదు గదా అన్న ఆలోచన ఆమెను వదలలేదు. స్వయంగా ఫారాలను చూచి, పశుపోషణ పత్రికలను చదివి సమాచారం సేకరించింది. శాస్త్రవేత్త గాని, పశువైద్యురాలు గాని కాని ఒక గృహిణి ఈ పనికి పూనుకొనడం గమనింపదగినది.

రెక్కలు చాచుటకైనా వీలులేని బ్యాటరీ పంజరాలలోని కోళ్ళు, వేలకొలది ఒకేచోట కుక్కబడిన బ్రాయిలరు కోళ్ళు, మాంసం తెల్లగా ఉండుటకై ఇనుము తక్కువైన ఆహారంతో ఇరుకు గూళ్ళలో పెరిగే దూడలు - ఇవి ఈ పుస్తకంలోని ముఖ్య విషయాలు. ఇటువంటి పెంపకంలో వాడే మందుల అవశేషాలు తినేవారికీ హాని చేయవచ్చునని కూడా హెచ్చరించింది. "సైలెంట్ స్ప్రింగ్" గ్రంథకర్త్రి రేచెల్ కార్సన్ దీనికి ముందుమాట వ్రాసింది. పుస్తకం వెలువడిన కొద్ది వారాలకే కార్సన్ మరణించింది.

ప్రజలలో రేగిన అలజడి వలన బ్రిటిషు ప్రభుత్వం అదే సంవత్సరం జంతుశాస్త్రవేత్త బ్రాంబెల్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. లేచి నిలుచుట, పడుకొనుట, వెనుకకు తిరుగుట, ఒంటిని శుభ్రపరచుకొనుట, అవయవాలను చాచుకొనుట - ఈపాటి స్వేచ్ఛ ప్రతి జంతువుకూ ఉండాలని ఆ సంఘం 1965లో తన నివేదికలో పేర్కొన్నది. ఇవి ఎంత చిన్న కోరికలో చదివినవారికే తెలుస్తుంది. అయినా 1968 నాటి చట్టం వీటిని పూర్తిగా స్వీకరించలేదు. పశువులకు అనవసరమైన బాధ కలిగించడం నేరమన్నదే గాని, పంజరం కొలతల వంటివి తప్పక పాటించవలసిన నియమాలుగా గాక సూచనలుగానే మిగిలిపోయాయి. ఇది హారిసన్‌కు తృప్తినివ్వలేదు. అయినప్పటికీ 1967లో ఏర్పడిన ప్రభుత్వ సలహా సంఘంలో సభ్యురాలై, లోపల ఉండి వాదించడానికే నిశ్చయించుకొన్నది.

ఐరోపా మండలి, బాతులు

1976లో ఐరోపా మండలి ఫారాల జంతువుల రక్షణకు ఒక ఒడంబడికను ఆమోదించింది. దాని స్థాయీ సంఘపు సమావేశాలకు హారిసన్ పరిశీలకురాలిగా అనేక సంవత్సరాలు హాజరైంది. ఈ సంఘం 1999 జూన్‌లో బాతులు, మస్కవీ బాతులు, గూస్ బాతుల గురించి వేరు వేరుగా సిఫారసులను ఆమోదించింది.

బాతు నీటి పక్షి. కోడికి నీరు త్రాగుటకు మాత్రమే కావాలి. బాతుకైతే తల ముంచి కన్నులు, ముక్కుపుటాలు కడుగుకొనుటకు, ఈకలపై నీరు చల్లుకొనుటకు కూడా కావాలి. షెడ్లలో చుక్క చుక్కగా నీరిచ్చే గొట్టాలు ఇందుకు చాలవు. ఈదుటకు వీలు లేనిచోట కనీసం తల మునుగునంత నీరైనా ఉండాలని సిఫారసులు చెబుతున్నాయి. (మన కృష్ణా, గోదావరి డెల్టాలలో కోతలైన పొలాలలో బాతుల మందలను మేపే కాపరులకు ఇది కొత్త సంగతి కాదు.)

ఫోయ్ గ్రా అనే వంటకం కొరకు బాతుల గొంతులోనికి గొట్టంతో దాణా నెట్టి కాలేయాన్ని ఉబ్బింపజేస్తారు. ఐరోపా సమాజపు శాస్త్రీయ సంఘం ఇది పక్షికి హానికరమని 1998లో తేల్చింది. ఐరోపా మండలి సిఫారసులు మాత్రం దీనిని పూర్తిగా నిషేధించలేదు. గొట్టం వాడని పద్ధతుల కొరకు పరిశోధన జరపాలని కోరి ఊరుకున్నాయి. భారతదేశం ఫోయ్ గ్రా దిగుమతిని 2014లో నిషేధించింది.

చివరి దశ

1986లో ఈమెకు ఓ.బి.ఇ. పురస్కారం లభించింది. సాధారణ బ్యాటరీ పంజరాలను తొలగించాలని ఐరోపా సమాజం 1999 జూలైలో ఆదేశించగా, ఆ గడువు 2012లో గాని ముగియలేదు. కాన్సరు వ్యాధితో 2000లో మరణించిన హారిసన్ దాని అమలును చూడలేదు. భారత న్యాయ కమిషను 2017లో తన 269వ నివేదికలో గుడ్ల కోళ్ళ పంజరాల సమస్యను పరిశీలించింది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందువరుసలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు ఇది దగ్గరి విషయం. "ఏనిమల్ మెషీన్స్" 2013లో పునర్ముద్రణ పొందింది.