బోదకాలు మాత్ర వెనుక భీమవరం బిడ్డ

విజయవాడ: కృష్ణా డెల్టా పల్లెల్లో బోదకాలు అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర లేదు. మురుగు గుంటల్లో పెరిగే దోమలు ఫైలేరియా పురుగును ఒకరి నుంచి మరొకరికి చేరవేస్తాయి. పిల్ల పురుగులు రాత్రి వేళ నెత్తురులోకి వస్తాయి కనుకనే వైద్య సిబ్బంది రక్త పరీక్షకు చీకటి పడ్డాక వస్తారు. ఆ పురుగుల పాలిట మృత్యువు డి.ఇ.సి. మాత్ర. 1947లో దానిని లోకానికి అందించిన పరిశోధకుల నాయకుడు కొల్లేటికి ఆవల భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

కాశీకి పారిపోయిన కుర్రవాడు

సుబ్బారావు 1895 జనవరి 12న జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. చిన్నతనంలో చదువు మీద మనసు నిలవలేదు. యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని కాశీ దారి పట్టగా తల్లి వెనక్కు రప్పించింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. అక్కడే వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఇంట పిడుగు పడింది. తిన్నది ఒంటబట్టక, విరేచనాలై, నెత్తురు తరిగిపోయే స్ప్రూ వ్యాధితో కొద్ది రోజుల తేడాలో ఇద్దరు సోదరులు కన్నుమూశారు. సుబ్బారావుకూ అది సోకగా ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ జబ్బుకు మందు వెతకాలన్న పట్టుదలతో, 1919లో పెళ్లాడిన శేషగిరిని పుట్టింట ఉంచి అమెరికా ఓడ ఎక్కారు. ఆయన వెళ్లాక పుట్టిన మగబిడ్డ పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు.

బోస్టన్ నగరంలో రాత్రిపూట ఆస్పత్రిలో ఊడిగం చేస్తూ హార్వర్డులో చదివారు. శరీరం పనిచేయడానికి శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని కనుగొన్నవారిలో ఆయన ఒకరు. 1940లో లెడర్లే మందుల కంపెనీ పరిశోధనశాలలో పూర్తికాలం చేరారు.

ఒక్కచోట మార్పు

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినట్టు ప్రకటించింది. ఆకుకూరల్లో, కాలేయంలో ఉండే విటమిను ఇది. సోదరులను మింగిన స్ప్రూకు ఇదే మందుగా నిలిచింది. గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చేదీ ఇదే.

ఈ విటమిను అణువుకు తల వంటి భాగంలో రెండు వలయాలు జంటగా అతుక్కుని ఉంటాయి. వాటిలో కర్బన పరమాణువులతో పాటు నత్రజని పరమాణువులు కూడా ఉంటాయి. ఇలాంటివాటిని విషమచక్రీయ సమ్మేళనాలు అంటారు. పరమాణువుల నడుమ కొన్నిచోట్ల ఒంటి బంధం, కొన్నిచోట్ల ద్విబంధం. ఒంట్లోని ఒక ఎంజైము మొదటి వలయం జోలికి పోకుండా, రెండోదానిలోని రెండు ద్విబంధాలకే హైడ్రోజన్ చేరుస్తుంది. అలా మారితేనే ఆ విటమిను కొత్త కణాల పుట్టుకకు పనికివస్తుంది.

సుబ్బారావు బృందం ఆ తలభాగంలో ఆక్సిజన్ ఉండవలసిన ఒక్కచోట నత్రజని ఉన్న పదార్థాన్ని తయారుచేసింది. దాని పేరు అమినోప్టెరిన్. తాళంలో పోలికైన వేరే చెవి దూరి ఇరుక్కున్నట్టు ఇది ఎంజైములో బిగుసుకుంటుంది. అసలు విటమినుకు చోటు దొరకదు, కణాలు పెరగవు. వేగంగా పెరిగే కాన్సరు కణాలకు ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. మంచి కణాలకూ కొంత హాని తప్పదు.

బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దీనిని రక్త కాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి గుణం కనిపించిందని 1948 జూన్‌లో వెల్లడైంది. జబ్బు మళ్లీ తిరగబెట్టింది గాని, మందుతో రక్త కాన్సరును తగ్గించవచ్చని మొదటిసారి రుజువైంది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను నేటికీ కాన్సరుకు, కీళ్లవాతానికి వైద్యులు వాడుతున్నారు.

తిరిగిరాని మనిషి

డి.ఇ.సి. కూడా నాలుగు కర్బనాలు, రెండు నత్రజనులు కట్టిన వలయమే. సొంత గడ్డను పట్టిన జబ్బుకు మందు పంపిన సుబ్బారావు మాత్రం తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి, 53వ ఏట పోయారు. పాతికేళ్లు ఎదురుచూసిన శేషగిరికి భర్త మరణవార్తే అందింది. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటా ఈ మాత్ర మింగించే కార్యక్రమం 2004లో ఆరంభమయింది. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్ర జబ్బున్నవారికి ఇది ఇవ్వరు. నెత్తురులోని పిల్ల పురుగులను తొలగిస్తుందే గాని, ముదిరిన బోదను మునుపటి కాలుగా మార్చలేదు. అందుకే కాలు వాచకముందే మింగాలి. గూట్లో దాచిన మాత్ర ఏ పురుగునూ చంపదు.