చాలు తప్పని సూది
(అలన్ బ్లమ్‌లైన్ జీవితం)

– బి.ఎస్సి. మూడో సంవత్సరం విద్యార్థి

గ్రామఫోను ఎవరు కనిపెట్టారని మన కాలేజీలో ఏ కుర్రవాణ్ణి అడిగినా ఎడిసన్ అని ఠక్కున చెబుతాడు. కొంచెం ఎక్కువ చదివినవాడైతే 1877లో ఎడిసన్ చేసింది స్తూపం మీద పలికే ఫోనోగ్రాఫనీ, బల్లపరుపు రికార్డును 1887లో తెచ్చినవాడు ఎమిల్ బెర్లినర్ అనీ సవరిస్తాడు. మరి ఒకే గాడిలో కుడివైపు ధ్వనినీ, ఎడమవైపు ధ్వనినీ కలవకుండా దాచే స్టీరియో పద్ధతి ఎవరిది? ఇక్కడికొచ్చేసరికి అందరం తల గోక్కోవలసిందే. ఆయన పేరు అలన్ డోవర్ బ్లమ్‌లైన్. బతికింది 39 ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన పేరున నమోదైన పేటెంట్లు మాత్రం 128. ఇంత పని చేసినవాడి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు కనబడదన్న ప్రశ్నే నాచేత ఈ వ్యాసం రాయించింది.

గంట బాగుచేసిన కుర్రాడు

బ్లమ్‌లైన్ 1903 జూన్ 29న లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పుట్టాడు. తండ్రి జర్మనీలో పుట్టి బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నవాడు. తల్లి దక్షిణాఫ్రికాలో పనిచేసిన ఒక స్కాట్లండ్ మిషనరీ కూతురు. ఏడేళ్ళ వయసులో ఇంటి వాకిలి గంట చెడిపోతే తనే బాగుచేసి, ఎలక్ట్రికల్ ఇంజనీరునని సంతకం పెట్టి తండ్రికి బిల్లు ఇచ్చాడట! అక్షరాలు మాత్రం తొందరగా పట్టుబడలేదు. పన్నెండేళ్ళు వచ్చేదాకా సరిగా చదవడం రాదని ఇంట్లోవాళ్ళే చెప్పుకునేవారు. ఆ వయసుకే వర్గ సమీకరణాలు మాత్రం బాగా వచ్చట. చదువంటే ఒకే దారిలో నడవాలని పట్టుబట్టే పెద్దలు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

హైగేట్ స్కూలు చదువు ముగించి, స్కాలర్‌షిప్పు సంపాదించి, లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన సిటీ అండ్ గిల్డ్స్ కాలేజీలో నేరుగా రెండో సంవత్సరంలో చేరాడు. మొదటి తరగతి ఆనర్సుతో బి.ఎస్సి. పట్టా పుచ్చుకుని బయటికొచ్చాడు. 1924లో ఇంటర్నేషనల్ వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. అక్కడి పని దూరపు టెలిఫోను తీగలతో. ఒక జత తీగల్లో నడిచే మాట పక్క జతలోకి జారి వినబడడాన్ని క్రాస్‌టాక్ అంటారు. మన చేను బోదెలోని నీరు గట్టు కింద నుంచి పక్కవాడి చేలోకి ఊరినట్టన్నమాట. ఆ ఊటను కొలవడానికీ, ఆపడానికీ ఆయన కొత్త కొలత వంతెనలు తయారుచేశాడు. రెండు ధ్వనులు పక్కపక్కనే నడిచినా ఒకదానిలో ఒకటి కలవకూడదన్న పాఠం ఆయనకు అక్కడే బాగా ఒంటబట్టి ఉంటుందని నాకనిపిస్తుంది.

రబ్బరుకు బదులు అయస్కాంతం

1929లో ఆయన ఆ కంపెనీ వదిలి కొలంబియా గ్రాఫోఫోను కంపెనీలో చేరాడు. ఐజాక్ షోయెన్‌బర్గ్ అనే అధికారి ఆయనకు అప్పగించిన మొదటి పని చూడటానికి వ్యాపారం తగాదాలాగే ఉంటుంది. 1925 నుంచి రికార్డులను విద్యుత్తుతో కోస్తున్నారు. ఆ కోత యంత్రం మీద హక్కులు అమెరికా బెల్ సంస్థవి. అందువల్ల కొలంబియా పెద్ద మొత్తంలో రాయల్టీ కట్టుకోవాలి. ఆ పేటెంటు జోలికి పోకుండా కొత్త కోత తల తయారుచెయ్యాలి. అదీ సమస్య.

ఇక్కడ కొంచెం ఫిజిక్సు చెప్పుకోవాలి. బరువూ, స్ప్రింగులాంటి సాగుడూ ఉన్న ప్రతి వస్తువుకూ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఉయ్యాలను దాని ఊపుకు సరిపడా తోస్తే చిన్నపిల్ల తోసినా అది ఆకాశానికి పోతుంది. ఇదే అనునాదం. కోత సూదికీ ఇదే గతి. పాటలో దాని సహజ స్వరం తగిలినప్పుడల్లా సూది అదుపు తప్పి ఎగిరెగిరి కోస్తుంది. ఆ ఒక్క స్వరమే అరిచినట్టు వినబడుతుంది. మిగతావి వెనకబడతాయి. కాబట్టి సూది ఊపులోని అదనపు శక్తిని ఎవరో ఒకరు మింగెయ్యాలి. దాన్నే డాంపింగ్ అంటాం. మన పుస్తకాల్లో అవరుద్ధం.

అమెరికా ఇంజనీర్లు మాక్స్‌ఫీల్డ్, హారిసన్‌లు ఈ పనికి ఒక పొడవైన రబ్బరు కడ్డీ తగిలించారు. సూది కదిలినప్పుడు పుట్టే అల ఆ రబ్బరులోకి పోయి అక్కడే అణగారిపోతుంది. మంచి తెలివే. కానీ రబ్బరు గుణం ఎప్పుడూ ఒక్కలా ఉండదు. ఎండకు మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది, ఏళ్ళు గడిస్తే ముదురుతుంది. బ్లమ్‌లైన్, ఆయన సహచరుడు హెర్బర్ట్ హోల్మన్ రబ్బరును పక్కన పెట్టి అయస్కాంతాన్ని నమ్ముకున్నారు. వాళ్ళ యంత్రంలో అయస్కాంత క్షేత్రం మధ్య ఒక తీగచుట్ట కదులుతుంది. చుట్ట కదిలితే అందులోనే విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తు లెంజ్ నియమం ప్రకారం కదలికకు అడ్డం తిరుగుతుంది. ఎంత వేగంగా కదిలితే అంత బలంగా పట్టి ఆపుతుంది.

ఈ కిటుకు మనకు కొత్తది కాదు. ప్రాక్టికల్సులో బాలిస్టిక్ గాల్వనోమీటరు కాంతిచుక్క స్కేలు మీద అటూ ఇటూ ఊగుతూ ఎంతకీ ఆగకపోతే ఏం చేస్తాం? టాపింగ్ కీ నొక్కి చుట్టను షార్టు చేస్తాం. చుక్క ఠక్కున నిలబడుతుంది. అచ్చంగా ఆ సూత్రాన్నే బ్లమ్‌లైన్ రికార్డు కోతకు వాడాడు. ఎంత డాంపింగ్ కావాలో ముందే కాగితం మీద లెక్క కట్టవచ్చు. కట్టిన లెక్క ఎండాకాలంలోనూ చలికాలంలోనూ దాదాపు ఒకేలా నిలుస్తుంది. రాయల్టీ తప్పించుకుందామని మొదలైన పని పాత యంత్రం కంటే శుభ్రమైన ధ్వనిని ఇచ్చింది! ఏ సర్క్యూటైనా ముందు కాగితం మీద పనిచెయ్యాలి, తర్వాతే బల్ల మీద అన్నది ఆయన జీవితమంతా పాటించిన పద్ధతి.

ఒకే చాలు, రెండు గోడలు

1931లో కొలంబియా, గ్రామఫోను కంపెనీలు కలిసి ఇ.ఎం.ఐ. అయ్యాయి. మన ఇళ్ళకు కుక్కబొమ్మ రికార్డులు పంపిన హెచ్.ఎం.వి. ఈ గ్రామఫోను కంపెనీదే. ఆ సంవత్సరమే బ్లమ్‌లైన్, తర్వాత తన భార్య కాబోయే డొరీన్‌తో కలిసి సినిమాకు వెళ్ళాడు. తెర మీద మనిషి ఒక మూల నుంచి ఇంకో మూలకు నడుస్తున్నాడు. మాట మాత్రం ఉన్నచోట నుంచే వస్తోంది. ఈ అన్యాయాన్ని సరిచేసే ఉపాయం తన దగ్గర ఉందని ఆయన ఆమెకు చెప్పాడట.

ఆ ఉపాయం 1931 డిసెంబరు 14న పేటెంటు దరఖాస్తుగా దాఖలయింది. బ్రిటిష్ పేటెంటు నంబరు 394325. అందులో 70 అంశాలున్నాయి. రెండు మైకులను ఎలా అమర్చాలి, రెండు ధ్వనులను ఎలా నడపాలి, ఒకే గాడిలో ఎలా కోయాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. గాడి విషయం నాగలి చాలు చూసినవాడికి సులభంగా అర్థమవుతుంది. చాలు అడ్డకోత ‘వి’ అక్షరంలా ఉంటుంది. రెండు గోడలూ నేలకు 45 డిగ్రీల వాలు. ఒక గోడ మీద ఎడమ ధ్వని, రెండో గోడ మీద కుడి ధ్వని. రెండు దిక్కులూ ఒకదానికొకటి లంబం కాబట్టి ఒకటి రెండోదానిలో కలవదు. రెండింటి మొత్తం సూదిని పక్కలకు కదిలిస్తుంది, రెండింటి తేడా పైకీ కిందికీ కదిలిస్తుంది.

1934 జనవరిలో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ మోజార్ట్ జూపిటర్ సింఫనీని నడిపిస్తుంటే బ్లమ్‌లైన్ బృందం ఈ పద్ధతిలో రికార్డు చేసింది. కానీ అప్పుడు ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. కంపెనీ చూపు టెలివిజన్ మీద పడింది. స్టీరియో అటకెక్కింది. దుకాణాల్లోకి స్టీరియో రికార్డులు వచ్చింది 1958లో. అప్పటికి ఆయన పోయి పదహారేళ్ళు.

ఆ రికార్డులతోబాటు ఆయన పాత శత్రువు అనునాదం వేరే వేషంలో వచ్చింది. పాత రికార్డులో సూది పక్కలకు కదిలితే చాలు. స్టీరియోలో పైకీ కిందికీ కదలడం కూడా సంగీతమే. కాబట్టి రికార్డు వంపులూ, మోటారు గుడగుడలూ అన్నీ పాటలో కలుస్తాయి. సూదిని మోసే చేతికి బరువుంది, సూది పట్టుకు సాగుడుంది. ఇంకేం, మళ్ళీ ఉయ్యాలే. చేయి బరువు 10 గ్రాములు, కార్ట్రిడ్జి 6 గ్రాములు, సాగుడు డైనుకు సెంటీమీటరులో పది లక్షల వంతులు 20 అనుకుందాం. 16ని 20తో గుణించి, వర్గమూలం తీసి, దానితో 159ని భాగిస్తే సహజ పౌనఃపున్యం సెకనుకు దాదాపు 9 కంపనాలు. ఇది మంచి చోటు. వంగిన రికార్డు ఊపులు చాలావరకు దీనికి కిందే ఉంటాయి. చెవికి వినబడే స్వరాలు 20కి పైన మొదలవుతాయి. అందుకే 8కీ 12కీ మధ్య ఉంచమని ఇంజనీర్లు చెబుతారు.

అప్పటికీ ఊపు మిగిలితే సిలికాన్ నూనెలో చిన్న రెక్క ముంచి డాంపింగ్ ఇస్తారు. ఇది తర్వాతివాళ్ళ పని, బ్లమ్‌లైన్‌ది కాదు. నూనె మరీ చిక్కనైతే చేయి వంపుల వెంట లేవలేక సూదినే నొక్కుతుంది. మా నాన్న నాగలి మేడి పట్టుకునే తీరు నాకిక్కడ గుర్తొస్తుంది. వదులుగా పడితే నాగలి గెంతుతుంది, మరీ అదిమితే ఎడ్లు లాగలేవు. చేయి ఆ మధ్యన ఉండాలి.

టెలివిజన్, యుద్ధం

1936 నవంబరు 2న లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బి.బి.సి. క్రమబద్ధమైన టెలివిజన్ ప్రసారాలు మొదలుపెట్టింది. బెయర్డ్ 240 గీతల పద్ధతికీ, మార్కోనీ–ఇ.ఎం.ఐ. 405 గీతల పద్ధతికీ పోటీ పెడితే 1937 ఫిబ్రవరికల్లా రెండోదే నిలిచింది. అందులోని ఎన్నో సర్క్యూట్లు బ్లమ్‌లైన్‌వి. ఆయన 1936లో పేటెంటు చేసిన లాంగ్-టెయిల్డ్ పెయిర్ సర్క్యూటు డిఫరెన్షియల్ ఆంప్లిఫయరు రూపంలో ఈనాటి ఆపరేషనల్ ఆంప్లిఫయర్ల గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది. ఎలక్ట్రానిక్సు ల్యాబులో ఐ.సి. పెట్టే ప్రతి విద్యార్థీ తెలియకుండానే ఆయన్ను తాకుతున్నాడు.

యుద్ధం వచ్చింది. రాత్రిపూట, మబ్బుల పైనుంచి కూడా నేలను చూపించే హెచ్2ఎస్ రాడారు తయారీలో ఆయన చేరాడు. ఆ బృందం నాయకుడు బెర్నార్డ్ లోవెల్. తర్వాతి కాలంలో జోడ్రెల్ బ్యాంక్ రేడియో టెలిస్కోపు కట్టించినవాడు. 1942 జూన్ 7న ఆ యంత్రాన్ని పరీక్షిస్తున్న హాలిఫాక్స్ విమానం ఇంజనుకు నిప్పంటుకుని వెల్ష్ బిక్నర్ అనే పల్లె దగ్గర కూలిపోయింది. అందులోని 11 మందీ మరణించారు. బ్లమ్‌లైన్‌తోబాటు ఆయన ఇ.ఎం.ఐ. సహచరులు సెసిల్ బ్రౌన్, ఫ్రాంక్ బ్లైథెన్ కూడా పోయారు. ఇంజనులో ఒక వాల్వు దగ్గరి నట్టు సరిగా బిగించకపోవడమే మూలమని విచారణలో తేలింది. కంపనాలను అదుపు చెయ్యడానికి జీవితం ధారపోసినవాణ్ణి ఒక వదులు నట్టు తీసుకుపోయింది!

రాడారు పరమ రహస్యం. అందువల్ల ఆ మరణమూ రహస్యమే అయింది. ఇంట్లో భార్య, ఇద్దరు చిన్న కొడుకులు. ఏ పని మీద పోయాడో నలుగురికీ చెప్పుకునే వీలు లేదు. పనిమాత్రం ఆగలేదు. 1943 జనవరి చివర్లో హెచ్2ఎస్ మొదటిసారి హాంబర్గ్ దాడిలో వాడారు.

పుస్తకాల్లో పేరెందుకు కనబడదో ఇప్పుడు అర్థమవుతుంది. ఆయన కనిపెట్టినవన్నీ కంపెనీ పేరుతో బయటికొచ్చాయి. చివరి పని సర్కారు రహస్యం. స్టీరియో వచ్చేనాటికి చప్పట్లు అందుకోవడానికి ఆయన లేడు. ఆయన పూర్తి జీవితచరిత్ర అచ్చవడానికి అర్ధ శతాబ్దం పైన పట్టింది. 1977లో ఈలింగ్‌లో ఆయన ఉన్న ఇంటికి నీలి ఫలకం పెట్టారు. 2015లో ఆబీ రోడ్ స్టూడియోలో ఐ.ఇ.ఇ.ఇ. వారి మైలురాయి ఫలకం వెలిసింది. 2017లో సాంకేతిక గ్రామీ పురస్కారం ఇచ్చారు. ఆలస్యమైనా మంచిదే.

మిత్రులారా! మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. పెద్ద ల్యాబులు లేవని, పేరున్న కాలేజీ కాదని బాధపడుతుంటాం. బ్లమ్‌లైన్ చేసిన మొదటి గొప్ప పనికి మూలం మన ఫిజిక్సు ల్యాబులో రోజూ నొక్కే టాపింగ్ కీలోనే ఉంది. దాన్ని నొక్కి రీడింగు రాసుకుని వెళ్ళిపోతున్నాం. ఈసారి నొక్కినప్పుడు ఆ కాంతిచుక్క ఎందుకు ఆగిందో ఒక్క నిమిషం నిలబడి ఆలోచిద్దాం. ఇంకెక్కడెక్కడ అలా ఆపవచ్చో పక్కనున్న స్నేహితుణ్ణి కూడా అడుగుదాం.