లింగాకర్షక బుట్ట వెనుక ఒక బడిపంతులు

పత్తి చేలో మీరు కట్టే లింగాకర్షక బుట్టలో మగ పురుగులే ఎందుకు పడతాయో ఎప్పుడైనా ఆలోచించారా? వందేళ్ల కిందటే ఈ సంగతిని ఓపిగ్గా పరీక్షించి చూసినవారు ఫ్రాన్స్ దేశస్థుడు జీన్ హెన్రీ ఫాబ్రె.

ఆయన 1823లో పేద కుటుంబంలో పుట్టారు. చాలా ఏళ్లు పాఠాలు చెప్పి బతికారు. 1879లో సెరిన్యాన్ గ్రామంలో రాళ్లూ ముళ్లపొదలూ నిండిన నేల కొన్నారు. మనమైతే బీడని వదిలేస్తాం, ఆయనకు కావలసింది పురుగులే.

ఒక మే నెల ఉదయం గూడు చీల్చుకుని వచ్చిన ఆడ రెక్కల పురుగును జాలీ మూత కింద ఉంచారు. ఆ రాత్రే దాదాపు 40 మగ పురుగులు ఇంట్లోకి వచ్చాయి. తర్వాత మరో జాతి ఆడ పురుగును గాలి చొరని గాజు మూత కింద, ఎదురుగా కనిపించేలా పెట్టారు. మగవి దాన్ని పట్టించుకోలేదు. అంతకుముందు అది కూర్చున్న ఖాళీ చోటు చుట్టూ మూగాయి. అంటే వాటిని రప్పించేది చూపు కాదు, వాసన. అలాంటి వాసనలోని రసాయనాన్ని పట్టుపురుగులో మొదట గుర్తించింది 1959లో. ఫాబ్రె 1915లోనే కన్నుమూశారు.

మీ బుట్టలోని ఎర ఆ వాసనే. ఏ పురుగు వాసన దానిదే కాబట్టి గులాబీ రంగు పురుగుకు శనగపచ్చ పురుగు ఎర పనికిరాదు. ఎర పొట్లాన్ని కట్టే రోజే విప్పండి. గులాబీ రంగు పురుగులు బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు పడితే వెంటనే నివారణ చర్యలు చేపట్టండి.