చీరాల ప్రజల ఆంధ్రరత్నము

ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1889వ సంవత్సరము జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. పుట్టిన మూడవనాడే తల్లి సీతమ్మగారు కన్నుమూసిరి. మూడేండ్ల ప్రాయమున తండ్రి కోదండరామస్వామిగారును గతించిరి. నాయనమ్మయు, పినతండ్రియు ఆ బాలుని సాకి పెద్దవానిని చేసిరి.

1911లో ఆయన స్కాట్లండు వెళ్లి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందిరి. ఆనంద కుమారస్వామిగారితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించిరి. ఆ గ్రంథము 1917లో అమెరికాలో వెలువడెను. స్వదేశమునకు వచ్చి రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలలోను పాఠములు చెప్పిరి. అంతటి విద్వాంసుడు తుదకు తన ఊరుగా ఎంచుకొన్నది నాటి గుంటూరు జిల్లా సముద్రతీరమున నున్న చీరాల.

ఆ నాడు చీరాల, పేరాల గ్రామములలో సుమారు 15,000 జనము కాపురముండెడివారు. వారిలో నేతపనివారు అనేకులు. తాతలు కట్టిన ఇంటిలో, తండ్రులు త్రవ్విన మగ్గపుగుంటలో కూర్చుండి నేయుట వారి జీవనము. ఇల్లు విడిచిన మగ్గమును విడిచినట్లే. అట్టి ఊళ్లను ప్రభుత్వము పురపాలక సంఘముగా మార్చెను. అంతవరకు యూనియనుకు ఏటా 4,000 రూపాయలు చెల్లించుచుండిన ప్రజలపై పన్ను 40,000 రూపాయల వరకు పెరిగెను. ప్రజలు మహజర్లు పెట్టుకొనిరి, పన్ను నిరాకరించిరి, కొందరు జైలుకును పోయిరి.

1921 ఏప్రిల్ నెలలో మహాత్మాగాంధీగారు చీరాలకు వచ్చి, శాంతియుతముగా పన్ను నిరాకరించుట, ఊరు విడిచి పోవుట అను రెండు మార్గములను చూపిరి. గోపాలకృష్ణయ్యగారు రెండవదానిని చేపట్టిరి. మండు వేసవిలో 13,000కు పైగా జనము పిల్లాపాపలతో, ముసలిముతకతో, పశువులతో ఇండ్లు వదలి ఊరి వెలుపల పాకలు వేసికొనిరి. దానికి రామనగరమని పేరు పెట్టిరి. ఆయన నడపిన రామదండు సేవకులు వారికి అండగా నిలిచిరి. ఎండకు వానకు ఓర్చి ప్రజలు పదునొకండు మాసములు అచ్చటనే కాలము గడపిరి.

ఇంతలో నిషేధాజ్ఞను మీరి బరంపురమున ప్రసంగించినందుకు గోపాలకృష్ణయ్యగారికి ఒక సంవత్సరము శిక్ష పడెను. ఆయనను తిరుచిరాపల్లి జైలునకు పంపిరి. నాయకుడు దూరమయ్యెను, చేతిలోని ధనము కరిగిపోయెను. ప్రజలు తిరిగి తమ ఇండ్లకు చేరిరి. పురపాలక సంఘము నిలిచియే యుండెను. ఐనను ఆ పదునొకండు మాసముల కష్టము వ్యర్థమనుట తగదు. తమ తాతల ఇండ్లపై ఎంత మమకారమున్నను, ఆత్మగౌరవము కొరకు వానిని విడువగలమని ఆ జనము లోకమునకు చూపిరి.

గోపాలకృష్ణయ్యగారు దారిద్ర్యముతోను, క్షయవ్యాధితోను బాధపడి 1928 జూన్ 10వ తేదీన పరమపదించిరి. ఆయనకు అప్పటికి ముప్పది తొమ్మిదేండ్లు. తల్లిదండ్రుల నీడ నెరుగని ఆయన వేలకొలది కుటుంబములకు ఇంటిపెద్దయై నిలిచిరి.

రామనగరమునకు నడచి వెళ్లిన వారిలో అధికసంఖ్యాకుల పేర్లు ఏ గ్రంథమునను లేవు. అవి వారి వారి ఇండ్లలో నోటిమాటగా నిలిచిన మేరకే నిలిచినవి. ప్రతి గ్రామమునందును ఇట్టి పెద్దలుందురు. వారి కథలను అడిగి తెలిసికొని, వ్రాసి, గ్రంథాలయమున భద్రపరచుట మనుమల వంతు.